ఒంటిగంట రాత్రి దీపములు



పుంగనూరు దగ్గరి ఒక గ్రామము నుండి ఒక తల్లి ఈ శీర్షికకు ఉత్తరము వ్రాసినది. ఉత్తరము చిన్నది, అందులోని భయము పెద్దది. "మా పాప ఇంజనీరింగు ముగించి జపాను దేశములో పై చదువు చదువుతానంటున్నది. అక్కడ రాత్రిళ్ళు తెల్లవార్లు త్రాగుడు, ఆటలు, పాటలు అని మా మరిది ఫోనులో చూపించినాడు. పంపవచ్చునా, కూడదా, అయ్యగారు వ్రాయవలెను" అని అడిగినది.

రెండేండ్ల క్రిందట ఈ ఉత్తరము వచ్చియుంటే "కూడదు" అని వ్రాసి, క్రింద రెండు వాక్యముల సంఖ్యలు చూపి ముగించి యుండేవాడను. ఇప్పుడు అట్లు వ్రాయలేను. గుడుపల్లెలో మా సంఘపు కుటుంబమొకటి పడిన పాట్లు, అందులో నేను చేసిన తప్పు ముందుగా చెప్పుకొందును. ఆ కుటుంబము వారి అనుమతితోనే వ్రాయుచున్నాను. పేర్లు పెట్టను, మా ఊరివారికి ఎట్లాగూ తెలుసు.

ఆ ఇంటాయన పట్టు రైతు. రెండెకరముల మల్బరి తోట, ఒక పురుగుల షెడ్డు, నాలుగు పాడి ఆవులు. ఇద్దరు బిడ్డలలో పెద్దవాడు కుప్పంలో డిగ్రీ చదివినాడు. తరువాత మా వైపు పిల్లలు చాలామంది చేయునట్లే తెల్లవారుజామున గుడుపల్లె స్టేషనులో రైలెక్కి బెంగుళూరు పోయి, పనిచేసి, రాత్రికి ఇల్లు చేరేవాడు. ఆ బెంగుళూరులోనే వానికి ఒక ఏజెంటు దొరికినాడు. "అక్కడ భాష నేర్పు పాఠశాలలో చేరితే చాలు. పగలు చదువు, రాత్రి పని. నెలకు లక్ష రూపాయలు ఇంటికి పంపవచ్చును" అని చెప్పినాడు. అబ్బాయి ఆరు నెలలు జపాను భాష నేర్చుకొని, అన్నిటికంటె క్రింది మెట్టు పరీక్ష గట్టెక్కినాడు. ఎన్ ఫైవ్ అంటారట దానిని. తండ్రి ఎకరము భూమి కుదువ పెట్టి అప్పు తెచ్చినాడు. 2024 ఏప్రిల్‌లో, ఆ దేశములో చదువుల సంవత్సరము ఆరంభమయ్యే నెలలో, వాడు టోక్యో చేరినాడు. బయలుదేరే ముందు రోజు వాని తలమీద చేతులుంచి ప్రార్థించినవాడను నేనే. లెక్క మాత్రము అడగలేదు.

జపాను అనగానే మన వైపు వారు చంద్రమండలము వలె చూడనక్కరలేదు. మదనపల్లె కళాశాలలో పనిచేసిన ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ 1919లోనే టోక్యో వెళ్ళి, కేయో విశ్వవిద్యాలయములో ఆంగ్ల కవిత్వము బోధించి వచ్చినాడు. రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెలో ఉండి జనగణమన గీతమును ఇంగ్లీషులోకి మార్చినది ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే, ఆ కజిన్స్ గారు పనిచేసిన కళాశాలలోనే. మన పట్టు రైతులకైతే జపాను పేరు ఇంకా దగ్గర. 1991 నుండి 2007 వరకు జపాను ప్రభుత్వపు సహాయ సంస్థ జైకా మన పట్టు పరిశోధన కేంద్రములతో కలిసి బైవోల్టిన్ పురుగుల పెంపకమును కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు రైతుల వరకు తెచ్చినది. నేడు మన షెడ్లలో తెల్లని గూళ్ళు కట్టు పురుగుల వెనుక ఆ దేశపు వారి పని కొంత ఉన్నది. 2008లో ప్రారంభమైన ఐఐటీ హైదరాబాదు కూడ జపాను సహకారముతోనే పెరిగినది. అక్కడి పిల్లలు స్కాలర్‌షిప్పులపై ఆ దేశపు విశ్వవిద్యాలయములకు వెళ్ళి చదువుకొన్నారు. 2024 మే నాటికి జపానులో విదేశీ విద్యార్థులు 3,36,000కు పైగా ఉండిరి. చైనా, నేపాలు, వియత్నాం వారే ఎక్కువ. మన దేశపు వారు బహు కొద్ది.

ఇక 2024 డిసెంబరు 24 రాత్రికి వచ్చెదము.

మా యౌవనస్థులు క్రిస్మసు పాటలు పాడుచు ఇంటింటికి తిరుగుచుండిరి. ఆ రైతు ఇంటికి వచ్చునప్పటికి తొమ్మిదిన్నర. పాట ముగిసినది, తల్లి అందరికి టీ ఇచ్చుచున్నది, అంతలో కొడుకు ఫోను వచ్చినది. బొమ్మ కనబడు ఫోనే. అందరును దాని చుట్టు మూగినారు. జపాను మనకంటె మూడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి ఒంటిగంట. వాని వెనుక వీధి పట్టపగలు వలె వెలిగిపోవుచున్నది. ఎర్ర దీపములు, నీలి దీపములు, మేడ మీద మేడ వ్రాతలు, త్రాగి తూలుచున్న మనుష్యులు, పొట్టి బట్టలతో ఆడపిల్లలు. "ఏం నాయనా, ఇంత రేయి యాడుండావు?" అని తల్లి అడిగినది. "పని మా, పని" అని వాడు తొందరగా ఫోను పెట్టేసినాడు. పాటల బృందములోని కుర్రవాడొకడు నవ్వినాడు. ఆ నవ్వు ఆ తల్లిని ఎంత కోసినదో మరునాడు ఆరాధనలో ఆమె ముఖము చూచినప్పుడు తెలిసినది.

"బిడ్డ చేయి జారిపోయినాడేమో అయ్యగారూ. మా మాట యింటాడో లేదో, మీరే మాట్లాడండి" అని తండ్రి నాయొద్దకు వచ్చినాడు. నేను ఇరవై ఆరవ తేదీన ఫోను చేసినాను. ఇక్కడ నా తప్పు చెప్పుచున్నాను. తిన్నావా, ఆరోగ్యమెట్లున్నది అని కూడ సరిగా అడుగక, తప్పిపోయిన కుమారుని ఉపమానము ఎత్తుకొన్నాను. పది నిమిషములు నేనే మాట్లాడినాను. తండ్రి భూమి కుదువ పెట్టినాడంటిని, దూరదేశమంటిని, దుర్వ్యాపారమంటిని. వాడు నాలుగుసార్లు "సరే అయ్యగారూ" అన్నాడు. తరువాత నా ఫోను ఎత్తలేదు. ఇంటికి కూడ చేయలేదు.

డిసెంబరు 31 రాత్రి, గుడిలో సంవత్సరాంత ఆరాధన ముగించి వచ్చి చూచుకొనగా నా ఫోనులో వాని మాట ఉన్నది. "ఆ కుమారుడు పందులను మేపినది కూలికే గదా అయ్యగారూ. నేనూ కూలికే పోయినాను."

ఇరవై ఏండ్లుగా ఆ ఉపమానము ప్రసంగించుచున్నాను. వాడు అక్కడ కూలివాడు అను మాట మీద ఒక్కనాడును ఆగలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి ఫోను చేసి, ఈసారి నేను నోరు మూసుకొని విన్నాను.

వాడు చెప్పినది ఇది. జపానులో చదువుకొను విదేశీ విద్యార్థి ఊరకే పనిచేయకూడదు. ప్రభుత్వము నుండి ప్రత్యేక అనుమతి తీసికొనవలెను. ఆ అనుమతితోనైనను వారమునకు 28 గంటలే. వేసవి, శీతకాలపు పెద్ద సెలవులలో మాత్రము రోజుకు 8 గంటలు. టోక్యోలో అప్పుడు, 2024 అక్టోబరు నుండి, గంటకు కనీస కూలి 1,163 యెన్లు ఉండెను. వారమునకు 28 గంటలు వేసికొంటే నాలుగు వారములకు 1,30,256 యెన్లు. యెన్ అనగా ఈ మధ్య సంవత్సరములలో మన అర్ధ రూపాయికి కొంచెము పైన. ఇందులో భాషా పాఠశాల రుసుము ఏడాదికి ఏడెనిమిది లక్షల యెన్లు, అనగా నెలకు అరవై వేల పైమాట. గదిని ఇద్దరు పంచుకొన్నా ముప్పై, నలభై వేలు. మిగిలిన దానితో తిండి, రైలు, ఫోను, తప్పనిసరిగా కట్టవలసిన ఆరోగ్య బీమా. ఇంటికి పంపుటకు ఏమి మిగులును? లక్ష రూపాయలని చెప్పిన ఏజెంటు ఏ లెక్క వేసినాడో వానికే తెలియవలెను. ఈ లెక్క ఐదవ తరగతి పిల్లవాడు వేయగలడు. కుదువ కాగితము వ్రాయకమునుపు మేము నలుగురము కూర్చుండి ఒక్కసారి వేయలేదు.

పిల్లలు రాత్రి పనికి ఎందుకు పోవుదురో ఆ లెక్కలోనే ఉన్నది. పగలు తరగతులు. పైగా ఆ దేశపు చట్టము చొప్పున రాత్రి 10 గంటల నుండి తెల్లవారి 5 గంటల వరకు చేసిన పనికి నాలుగవ వంతు కూలి ఎక్కువ ఇవ్వవలెను. భాష సరిగా రానివానికి రాత్రిపూట అన్నపు పెట్టెలు సర్దే కార్ఖానాలలోను, ఇరవైనాలుగు గంటలు తెరిచియుండు చిన్న దుకాణములలోను పని దొరుకును. అట్టి దుకాణములు ఆ దేశములో యాభై వేలకు పైగా ఉన్నవి. వీడు అట్టి దుకాణములోనే పనిచేయుచుండెను. తెల్లవారి ఐదున్నరకు గది చేరి, మూడు గంటలు నిద్రపోయి, బడికి పోయి, బల్ల మీద తల వాల్చెడివాడు. హాజరు తగ్గినచో వీసా పొడిగించుట కష్టము గనుక బడి మానడు. బడిలో మేలుకొనియుండ లేడు.

జనవరిలో కట్టవలసిన రుసుము దగ్గరపడినది. తండ్రిని అడుగలేడు, ఇక్కడ వడ్డీ నడుచుచున్నది. అంతలో తోటి కార్మికుడొకడు, రాత్రి వీధిలో బోర్డు పట్టుకొని నిలబడితే చాలు, చేతికి నగదు ఇత్తురని చెప్పినాడు. ఆ బోర్డు ఎవరిది? ఆడపిల్లలు పక్కన కూర్చుండి మగవారికి త్రాగుడు పోయు క్లబ్బుది. షింజుకు అను చోట కబుకిచో అని ఒక పేట ఉన్నది. యుద్ధములో 1945లో బాంబులకు కాలిపోయిన ఆ స్థలమున కబుకి నాటకశాల కట్టవలెనని తలంచి 1948లో ఆ పేరు పెట్టినారు. నాటకశాల రానేలేదు, పేరు మాత్రము నిలిచినది. దాని క్రింద త్రాగుడు దుకాణములు పుట్టినవి. మా అబ్బాయి క్రిస్మసు ముందు రాత్రి చలిలో ఆ వీధిలో బోర్డు పట్టుకొని నిలబడినాడు. నడుమ అమ్మకు ఫోను చేయవలెనని బుద్ధి పుట్టినది.

అట్టి క్లబ్బులలోను, పచింకో అను జూదపు ఆటల శాలలలోను విద్యార్థి ఏ పనియు చేయకూడదని అక్కడి నియమము. గిన్నెలు కడిగినను, నేల తుడిచినను, వీధిలో కాగితములు పంచినను తప్పే. దొరికినచో వీసా పోవచ్చును, దేశము నుండి పంపివేయవచ్చును. వీడు రెండు రాత్రులు నిలబడినాడు. త్రాగలేదు, లోపలికి అడుగు పెట్టలేదు. అయినను ఎకరము భూమి ఆ రెండు రాత్రులు ఆ బోర్డు కర్ర మీద నిలిచినది. గనుక తల్లి భయపడుట ఊరకే కాదు. ఆమె భయము సరియైన వీధినే చూచినది, ఆ వీధిలో కొడుకు చేయుచున్న పని మాత్రము చూడలేదు.

ఆ రాత్రికి మరియొక సంగతి ఉన్నది. జపానులో క్రిస్మసు సెలవు దినము కాదు. క్రైస్తవులు జనాభాలో నూటికి ఒకరు. కాని డిసెంబరు 24 రాత్రి దేశమంతయు దీపములు పెట్టుదురు. అది వారికి యువతీ యువకులు జంటగా తిరుగు రాత్రి. పిల్లలున్న ఇండ్లలో క్రీము కేకు కోసి, 1974లో కెంటకీ వారు చేసిన ప్రచారము మొదలుకొని, వేయించిన కోడి తినుట ఆచారమైనది. పశువుల తొట్టి సంగతి ఎత్తువారు తక్కువ. "ఆ పొద్దు పగలంతా దుకాణంలో కేకులే అమ్మినా అయ్యగారూ. ఒక్కరన్నా యేసు పేరు ఎత్తుతారేమోనని చూసినా" అన్నాడు. ఇక్కడ వాని ఇంటి ముందర మేము డోలు కొట్టి పాడుచున్న గంటలోనే వాడు అట్లు నిలబడియుండెను.

వేదాంత పాఠశాలలో మా గురువొకరు తొయోహికో కగావా గారిని గూర్చి చెప్పెడివారు. ఆయన కోబే నగరములో వేదాంత విద్యార్థిగా ఉన్నప్పుడు, ఇరవై ఒక్క యేండ్ల వయస్సులో, 1909 డిసెంబరు 24న తన సామాను బండిమీద వేసికొని షింకావా అను మురికివాడకు కాపురము పోయినాడు. రోగులను తన గదిలో పండుకొనబెట్టుకొని వారి కండ్ల జబ్బు తానును తగిలించుకొన్నాడు. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరములో జరిగిన క్రైస్తవ మహాసభకు కూడ ఆయన వచ్చినాడు. అబ్బాయి మాట విన్న తరువాత నాకు ఆయన జ్ఞాపకము వచ్చినాడు. ఆ తారీఖే, ఆ దేశమే, విద్యార్థియే. అయితే కగావా తన మనస్సుతో ఆ గల్లీలోనికి పోయినాడు, మా అబ్బాయిని అప్పు తోసినది.

ఇక పుంగనూరు తల్లి అడిగిన త్రాగుడు సంగతి. నేను జపాను చూడలేదు. అబ్బాయి చెప్పినది, మదనపల్లె వైపు నుండి వెళ్ళి విశ్వవిద్యాలయములో చదువుచున్న ఒక అమ్మాయిని అడిగి తెలిసికొన్నది వ్రాయుచున్నాను. త్రాగుడు అక్కడ సిగ్గుపడు పని కాదు. ఏప్రిల్‌లో క్రొత్త విద్యార్థులు రాగానే విద్యార్థి సంఘములు విందులు చేయును. ఆచార్యుడు తన శిష్యులతో కూడ కూర్చుండి త్రాగును. చట్టము చొప్పున 20 ఏండ్లు నిండనివారు త్రాగకూడదు. 2022 ఏప్రిల్‌లో వయోజనుల వయస్సు 18కి తగ్గించినప్పుడును త్రాగుడుకు మాత్రము 20 అట్లే ఉంచినారు. అయినను గ్లాసెడు ఒక్క గ్రుక్కలో త్రాగించు పందెములలో పిల్లలు స్పృహతప్పుట, చనిపోవుట కూడ అక్కడ జరిగినది. ఆఖరి రైళ్ళు అర్ధరాత్రి, ఒంటిగంట ప్రాంతమున ఆగిపోవును, మరల ఐదింటికే. రైలు తప్పినవాడు పాటలు పాడుకొను కరవోకే గదిలోనో, మరియొక త్రాగుడు అంగడిలోనో తెల్లవార్చవలెను. రాత్రులు పొడుగగుటకు ఆ రైలు పట్టిక ఒక కారణము. గనుక విందుకు పోవునప్పుడే ఏ రైలుకు తిరిగి రావలెనో చూచుకొన్న పిల్లకు చాలా గొడవ తప్పును.

"త్రాగను అంటే ఊరుకొంటారా?" అని ఆ అమ్మాయిని అడిగితిని. "ఊలాంగు టీ అడుగుతానండీ, అది కూడా గ్లాసులోనే ఇస్తారు. అక్కడ మన గ్లాసు మనం నింపుకోరు, ఒకరిది ఒకరు నింపుతారు. నేను అందరికీ పోసి పెడతాను, మర్యాద తెలిసిన పిల్ల అంటారు" అని నవ్వినది. ఆమె ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద చదువుచున్నది. 1954 నుండి జపాను ప్రభుత్వము ఇచ్చుచున్న స్కాలర్‌షిప్పు అది. రుసుము ఉండదు, పరిశోధన విద్యార్థికి నెలకు 1,43,000 యెన్ల వరకు చేతికి వచ్చును. ఆమె రాత్రులు ప్రయోగశాలలో గడచుచున్నవి. పది, పదకొండు వరకు అక్కడ దీపములు ఆరవట. ఆడపిల్ల ఒంటరిగా సైకిలు మీద గదికి తిరిగి వచ్చును. వీధి వీధికి చిన్న పోలీసు గదులున్నవి. త్రాగినవారు రైళ్ళలో మీద పడుటయు ఉన్నది. అందుచేతనే రద్దీ వేళలలో స్త్రీలకు వేరు పెట్టెలు పెట్టినారు. "మదనపల్లె బస్టాండులో రాత్రి తొమ్మిదికి నిలబడేటప్పుడు పడినంత భయం ఇక్కడ పడలేదు" అని ఆమె అన్నమాట మదనపల్లె వారు మన్నించవలెను.

ఒకే నగరము, ఒకే రాత్రి. ఆమె ప్రయోగశాలలో, వీడు బోర్డు కర్రతో. వీరిద్దరి భక్తిని తూచుటకు నేనెవరిని? చేతిలో ఉన్న పైకములో తేడా మాత్రము నాకు స్పష్టముగా కనబడుచున్నది.

అపొస్తలుల కార్యములు ఇరవయ్యవ అధ్యాయములో త్రోయలో ఒక రాత్రి సంగతి ఉన్నది. మేడగదిలో చాలా దీపములున్నవి. పౌలు అర్ధరాత్రి వరకు మాట్లాడుచుండెను. ఐతుకు అను పడుచువాడు కిటికీలో కూర్చుండి, నిద్రాభారముచేత జోగి, మూడవ అంతస్తు నుండి క్రింద పడిపోయినాడు. పౌలు ప్రసంగము ఆపి క్రిందికి దిగిపోయి వానిని కౌగిలించుకొన్నాడు. నిద్రపోయినందుకు వానిని గద్దించినట్లు ఎక్కడను లేదు. ఆ డిసెంబరులో నేను లూకా సువార్త పదిహేనవ అధ్యాయము తీసినాను, తీయవలసినది ఇది. మా అబ్బాయి దీపముల నడుమ నిద్రాభారముతో కిటికీ అంచున కూర్చున్నవాడు. నేను మేడమీద నుండి ప్రసంగించుచునే ఉంటిని.

ఈ మాట వాని తండ్రితో చెప్పినప్పుడు ఆయన చాలసేపు మాట్లాడలేదు. నాలుగో జ్వరము లేచిన పురుగు రాత్రింబగళ్ళు తినునని పట్టు రైతుకు వేరే చెప్పవలెనా? రాత్రి పదింటికి ఆకు వేయవలెను, తెల్లవారి నాలుగింటికి లేవవలెను. ఆ వారము ఆయన గుడికి వచ్చినా నా ప్రసంగములో జోగును. నేను చూచి చూడనట్లుందును. "నేను జోగితే పని చేసినా అంటారు. వాడు రాత్రి మేలుకుంటే చెడిపోయినాడు అనుకుంటిమే" అన్నాడు.

భార్యాభర్తలు రెండు ఆవులను అమ్మినారు. పాల డబ్బు ఇంటిలో ఆమె చేతిది, అమ్ముదామన్నది ఆమెయే. ఆ పైకము జనవరి రుసుములో సగమునకు చాలినది. మిగతా సగము వాయిదాలలో కట్టుటకు పాఠశాల ఒప్పుకొన్నది. అంతకుముందు వాడు నోరు తెరిచి అడుగనేలేదు. ఒక సంవత్సరము వరకు ఇంటికి ఒక్క రూపాయి పంపనక్కరలేదని తండ్రి వానికి చెప్పినాడు. వాడు బోర్డు పని మానినాడు, రాత్రి దుకాణము వదలి సాయంకాలపు వేళకు మారినాడు. కూలి తగ్గినది. అప్పు ఇంకను ఉన్నది. ఎకరము ఇంకను కుదువలోనే ఉన్నది.

గుడి సంగతి కూడ దాచను. ప్రతి ఆదివారము పోవుట లేదు. వాడున్న చోటికి దగ్గరలో ఒక చిన్న సంఘము కనుగొన్నాడు. ఇరవై మంది, ఎక్కువగా ముసలివారు. ప్రసంగములో సగము అర్థము కాదు. ఆరాధన తరువాత అందరును కలిసి అన్నము, కూర తిందురట. ఒక ముసలమ్మ వీనికి రెండవసారి తప్పక వడ్డించును, పేరు మాత్రము ఇంతవరకు సరిగా పలుకలేదు. ఆ కూరకోసమే పోవుచున్నావేమో అంటే, "కొంచెం అంతే అయ్యగారూ" అన్నాడు. నేను ఏమియు అనలేదు. ప్రభువు కూడ భోజనము దగ్గరనే చాలామందిని పట్టినాడు.

అమ్మా, పుంగనూరు నుండి వ్రాసిన తల్లీ, మీ పాపను పంపకండి అని నేను చెప్పను. పాపను పక్కన కూర్చుండబెట్టుకొని కాగితము మీద లెక్క వేయండి. ఏడాది రుసుము ఎంత, గది ఎంత, వారమునకు 28 గంటల కూలి ఎంత. స్కాలర్‌షిప్పునకు దరఖాస్తు చేయనిండి. జపాను రాయబార కార్యాలయము ఢిల్లీలోను, కాన్సులేటు చెన్నైలోను ఉన్నవి, వారే వివరములిత్తురు, దానికి ఏజెంటుకు పైకము పోయనక్కరలేదు. ఒక సంవత్సరము ఆలస్యమైనను భాష రెండు మెట్లు ఎక్కువ నేర్చుకొని పోవుట మేలు. భాష వచ్చినవారికి పగటి పని దొరుకును. బ్యాంకు ఖాతానో, ఫోను నంబరునో ఎవరికైనను అమ్మితే పైకమిత్తుమని అక్కడ పిల్లలను అడుగువారున్నారు. అది జైలుకు పోవు నేరమని ఇక్కడే చెప్పి పంపండి. ఇంటికి పైకము పంపవలెనని ఆమె నెత్తిన పెట్టకండి. మీ మరిది ఫోనులో చూపిన వీధి అక్కడ నిజముగానే ఉన్నది. పాప ఏదో ఒకనాడు ఆ వీధిన నడువవచ్చును. ఆ రాత్రి మీకు ఫోను చేయుటకు ఆమెకు ధైర్యముండునా, లేదా? అది మాత్రము నేను మీ ఇంట లేను గనుక చెప్పలేను.

మా అబ్బాయి 2025 జులైలో పై మెట్టు పరీక్ష వ్రాసినాడు. ఆగస్టు నెలాఖరున ఫలితము వచ్చినది. తప్పినాడు. ఆ దినము ఉదయము తొమ్మిదింటికి నేను ఆ రైతు తోట గట్టున ఉంటిని. ఆయన మల్బరి కోయుచుండెను. ఫోను మ్రోగినది. అక్కడ మధ్యాహ్నపు విరామము. ఆయన కొడవలి క్రింద పెట్టి విన్నాడు. "పోతే పోయె నాయనా, డిసెంబరులో మళ్ళా రాద్దువు. అన్నం తినినావా?" అన్నాడు. అవతల నుండి వాడు ఏదో అడిగినాడు. "ఇంకా లేదురా, రేపు పొద్దునకి ఎక్కుతాయి చంద్రికలకు" అని చెప్పి, ఫోను జేబులో వేసికొని, మరల కొడవలి తీసికొన్నాడు.